రంగులు ఎవరి కళ్ళవి? ముద్దుగా మొదలై గుండె పిండేసే అనిమేల సంగతి

ముందే ఒక మాట, ఇది అనిమేల గురించి, అంటే జపాన్ యానిమేషన్ కథల గురించి, ఇందులో స్పాయిలర్లు, అంటే కథ గుట్టు ముందే విప్పేసే సంగతులు, బోలెడు ఉన్నాయి. స్కూల్ లైవ్, మడోకా మ్యాజికా, మేడ్ ఇన్ అబిస్, టకోపీస్ ఒరిజినల్ సిన్, వీటిలో ఏదైనా తర్వాత చూద్దామని పక్కన పెట్టుకున్నవాళ్ళు ఉంటే అది చూసొచ్చాకే ఇది చదవడం మంచిది, ఎందుకంటే ఈ రకం కథల్ని ఏమీ తెలియకుండా మొదటిసారి చూసే అవకాశం ఒక్కసారే వస్తుంది, పోతే మళ్ళీ రాదు.

2015 జులైలో లెర్చే స్టూడియో నుంచి వచ్చిన స్కూల్ లైవ్ మొదటి ఎపిసోడ్‌లో దాదాపు ఇరవై నిమిషాల పాటు పెద్దగా ఏమీ జరగదు. పింక్ జుట్టు, పిల్లి చెవుల టోపీ పెట్టుకున్న యుకి అనే అమ్మాయి బడిలోనే నిద్రలేస్తుంది, వాళ్ళది స్కూల్ లివింగ్ క్లబ్ కదా, అంటే ఇంటికెళ్ళకుండా బడిలోనే కాపురం ఉండే క్లబ్ అన్నమాట. కుక్కపిల్ల తప్పించుకుంటుంది, దాని వెనకాల వరండాల్లో పరుగులు, క్లాసులో ఫ్రెండ్స్‌తో కబుర్లు, మెత్తగా మందలించే టీచరు, ఎప్పుడు చూసినా చేతిలో పార పట్టుకు తిరిగే కురుమి అనే ఫ్రెండు. ఆ పార ఎందుకు అని చూసేవాళ్ళు పెద్దగా ఆలోచించరు, ఇలాంటి అనిమేల్లో ఒక్కొక్కరికీ ఒక్కో పిచ్చి ఉంటుందిలే అని వదిలేస్తారు. చివర్లో మికి అనే జూనియర్ పిల్ల యుకిని వెతుక్కుంటూ క్లాస్‌రూమ్‌కి వస్తుంది. అప్పటిదాకా మనం చూసిన క్లాస్ అక్కడ లేదు. పగిలిన అద్దాలు, తిరగబడిన బెంచీలు, మరకలు పడ్డ గోడలు, మధ్యలో యుకి ఒక్కతే నిలబడి ఎవరూ లేని చోట ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. బయట గ్రౌండ్‌లో తిరుగుతున్నవి శవాలు.

చాలామంది దీన్ని ట్విస్ట్ అని చెప్పి ఆపేస్తారు. ఇంకొంతమంది ఇలాంటి సిరీస్‌లన్నిటినీ ఒక గుంపు కట్టి మేడిపండు సామెత చెప్తారు, పైకి నున్నగా లోపల పురుగులు అని. ఆ సామెత ఇక్కడ సరిపోదు. మేడిపండు పైపొర మోసం, లోపలున్నదే నిజం, కాబట్టి పొట్ట విప్పాక పైపొరతో పనుండదు. కానీ స్కూల్ లైవ్‌లో ఆ వెలుతురు నిండిన క్లాస్‌రూమ్ అబద్ధమని తెలిశాక కూడా దాని పని అయిపోదు, అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ క్లాస్‌రూమ్ యుకి కళ్ళల్లో ఉంది. తట్టుకోలేక ఆ పిల్ల మనసు కట్టుకున్న గూడు అది, మిగతా ముగ్గురూ ఆ గూడు కూలకుండా కాపలా కాస్తున్నారు, ఒకరకంగా వాళ్ళు కూడా దాని నీడలోనే బతుకుతున్నారు. ఆ మెత్తటి టీచర్ మెగు-నే ఎప్పుడో చనిపోయింది. రెండోసారి చూస్తే తెలుస్తుంది, ఆవిడ మాట్లాడినప్పుడల్లా నేరుగా బదులిచ్చేది యుకి ఒక్కతే, మిగతావాళ్ళు యుకి బదులు విని దాన్నిబట్టి సర్దుకుని మాట్లాడుతుంటారు. కురుమి చేతిలో పార కూడా పిచ్చి కాదు, తను ఇష్టపడ్డ సీనియర్ శవమై మీదికొచ్చినప్పుడు చేతికి దొరికింది అదే.

కాబట్టి ఈ జానర్ మొత్తానికి అడగాల్సిన ప్రశ్న ఒకటే అనిపిస్తుంది: తెర మీద కనిపిస్తున్న ఈ ముద్దు రంగులు ఎవరి కళ్ళవి? కథలో ఎవరో ఒకరు ఆ రంగుల్ని నిజంగా చూస్తుంటే, లేదా ఎవరో ఒకరు వాటిని అమ్ముతుంటే, లేదా ఎవరో వాటిని చచ్చినట్టు పట్టుకుని వేలాడుతుంటే, అప్పుడు లోపలి చీకటికి బరువొస్తుంది. ఎవరివీ కానప్పుడు, ఊరికే చూసేవాడిని ఉలిక్కిపడేలా చెయ్యడానికి పూసిన రంగులైనప్పుడు, మూడో ఎపిసోడ్‌కల్లా ఆ కథ చప్పబడిపోతుంది.

ఇదేదో నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ కూడా కాదు. తెజుకా ఒసాము గీసిన ఆటమ్, అంటే ప్రపంచం ఆస్ట్రో బాయ్ అని పిలుచుకునే గుండ్రటి కళ్ళ రోబో పిల్లాడు, 1963 జనవరి 1న జపాన్ టీవీలోకి వచ్చాడు. మొదటి ఎపిసోడ్ మొదలయ్యేదే టోబియో అనే పిల్లాడు యాక్సిడెంట్‌లో చనిపోవడంతో. తండ్రి సైంటిస్టు, కొడుకు పోయిన దుఃఖం తట్టుకోలేక కొడుకు పోలికలతోనే రోబోని చేస్తాడు, కొన్నాళ్ళకి ఆ రోబో ఎత్తు పెరగట్లేదని గ్రహించి దాన్ని సర్కస్‌కి అమ్మేస్తాడు. ఈ కథ చిన్నపిల్లల కోసం తీసిందే. ఆ గుండ్రటి గీతల్లో చావుకి, తిరస్కారానికి మొదట్నించీ చోటుందన్నమాట. 1988 ఏప్రిల్ 16న జిబ్లీ స్టూడియో మై నైబర్ టొటోరో, గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్ రెండింటినీ ఒకే టికెట్ మీద కలిపి రిలీజ్ చేసింది, ఒకటి అడవి దేవుడితో ఆడుకునే అక్కాచెల్లెళ్ళ కథ, ఇంకోటి యుద్ధంలో ఆకలికి చచ్చిపోయే అన్నాచెల్లెళ్ళ కథ. తర్వాతి తరం వాళ్ళు ఆ రెండింటినీ ఒకే కథలో కుట్టేశారనుకోవచ్చు.

దీనికి టీవీ టైమింగ్స్ కూడా ఒక కారణం, అది మన దగ్గర చాలామందికి తెలియదు. జపాన్‌లో సాయంత్రం వచ్చే అనిమే వేరు, అర్ధరాత్రి దాటాక వచ్చే అనిమే వేరు. అర్ధరాత్రి స్లాట్‌లో వచ్చేవి పిల్లలు చూసేవి కావు, పెద్దవాళ్ళు రికార్డ్ చేసుకుని చూసి తర్వాత డిస్కులు కొనుక్కుంటారనే లెక్కతో తీసేవి. అలా పెద్దవాళ్ళ కోసం తీసినవాటిల్లోనే ముద్దు బొమ్మల ట్రెండ్ పెరిగింది, అమ్మాయిలు టీ తాగుతూ కేక్ తింటూ ఏ కష్టమూ లేకుండా కాలక్షేపం చేసే కథలు, రోజంతా ఆఫీసులో నలిగొచ్చినవాళ్ళకి అదొక ఓదార్పు. అంటే ఆ ముద్దు బొమ్మ చూడగానే ఇక్కడ ఎవరికీ ఏ హానీ జరగదు అనే భరోసా వాళ్ళలో అప్పటికే పాతుకుపోయి ఉంది. మడోకా మ్యాజికా దెబ్బ కొట్టింది సరిగ్గా ఆ భరోసా మీద.

2011 జనవరిలో పుయెల్లా మాగీ మడోకా మ్యాజికా మొదలైనప్పుడు డైరెక్టర్ షిన్బో అకియుకి, స్టూడియో షాఫ్ట్, క్యారెక్టర్ల ఒరిజినల్ డిజైన్ ఆవోకి ఉమే. ఈ ముగ్గురి పేర్లు కలిపి చూస్తే అప్పటి అభిమానులకి గుర్తొచ్చేది హిడమారి స్కెచ్, ఆర్ట్ స్కూల్ అమ్మాయిల మెత్తటి కాలక్షేపం కథ, దాన్ని షాఫ్టే అనిమేగా తీసింది. కథ రాసింది మాత్రం ఉరోబుచి గెన్, చీకటి కథలకి అప్పటికే పేరున్న మనిషి, ఆ పేరు చూసి అనుమానపడ్డవాళ్ళు లేకపోలేదు కానీ ప్రచారం మొత్తం పింక్ గౌన్లు, తెల్లటి బొచ్చు జంతువు, పువ్వులతోనే నడిచింది. మ్యాజికల్ గర్ల్ అనే జానర్‌కి జపాన్‌లో చాలా పాత చరిత్ర ఉంది, 1966లో శాలీ అనే మంత్రగత్తె పిల్లతో టీవీలో మొదలై, 1992లో సైలర్ మూన్, 1998లో కార్డ్‌క్యాప్టర్ సాకురా, 2004 నుంచి ప్రీక్యూర్, ఇలా తరాల అమ్మాయిలు వీటితోనే పెరిగారు. మామూలు పిల్లకి ఒక చిన్న జంతువు శక్తినిస్తుంది, ఆ పిల్ల మంచి కోసం పోరాడుతుంది, ప్రేమ గెలుస్తుంది. అలా ముప్పై నలభై ఏళ్ళు ఒకే మాట చెప్పిన జానర్ అది.

మడోకాలో ఆ చిన్న జంతువు పేరు క్యూబే. కోరిక ఒకటి తీరుస్తా, బదులుగా నాతో కాంట్రాక్ట్ చేసుకుని మ్యాజికల్ గర్ల్ అయిపోయి మంత్రగత్తెలతో పోరాడు అంటుంది. దాని మొహం ఎప్పుడూ మారదు, మాట్లాడేటప్పుడు నోరు కూడా కదలదు, అదే చిన్న నవ్వు, అవే ఎర్రటి గుండ్రటి కళ్ళు, మొదటి రెండు ఎపిసోడ్లలో అది ముద్దుగా అనిపిస్తుంది, తర్వాత అదే మొహం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, గీత ఒక్కటి కూడా మార్చకుండా. మూడో ఎపిసోడ్‌లో మామి అనే సీనియర్ పిల్ల, ఇన్నాళ్ళూ ఒంటరిగా పోరాడిన పిల్ల, ఇప్పుడు నాకూ తోడు దొరికింది అన్న సంతోషంలో పాడుకుంటున్నంత తేలిగ్గా యుద్ధం చేస్తూ ఒక్క క్షణంలో చనిపోతుంది. చంపిన మంత్రగత్తె షార్లెట్ చూడ్డానికి గుడ్డబొమ్మలా ఉంటుంది, ఆ చోటంతా మిఠాయిలు, కేకులు. తెలుగు సినిమాలో ఇంటర్వెల్ బ్యాంగ్ అంటాం కదా, అలాంటిదే, కానీ మన సినిమాల్లో ఫస్టాఫ్ కామెడీ సెకండాఫ్ సెంటిమెంట్ అన్నప్పుడు కథతో పాటు లైటింగు, పాటలు, హీరో గడ్డం, అన్నీ మారిపోతాయి. ఇక్కడ బొమ్మలు అవే, ఆ బుగ్గలు అవే, చుట్టూ మిఠాయిలు అలాగే ఉన్నాయి.

అయితే మడోకా గొప్పతనం మూడో ఎపిసోడ్‌లో ఉందనుకోవడం పొరపాటు, ఎనిమిదో ఎపిసోడ్‌లో ఉంది, అక్కడికొచ్చే దారిలో ఉంది. సయాకా అనే పిల్ల తను ఇష్టపడే వయొలిన్ వాయించే అబ్బాయి చెయ్యి బాగవ్వాలని కోరిక కోరుకుంటుంది. చెయ్యి బాగవుతుంది. ఆరో ఎపిసోడ్‌లో ఆమె సోల్ జెమ్‌ని, అంటే మ్యాజికల్ గర్ల్ అయినప్పుడు వచ్చే మెరిసే రాయిని, ఆమె స్నేహితురాలు, కథానాయిక అయిన మడోకా ఒక వంతెన మీంచి కింద పోతున్న లారీ మీదకి విసిరేస్తుంది, గొడవ ఆపాలని, అంతే, సయాకా అక్కడికక్కడే ప్రాణం లేకుండా కూలిపోతుంది. కాంట్రాక్ట్ రోజే వాళ్ళ ఆత్మని ఒంట్లోంచి తీసి ఆ రాయిలో పెట్టేశారు, ఆ రాయి వంద మీటర్లు దాటితే ఒళ్ళు ఖాళీ డబ్బా. క్యూబేని నిలదీస్తే అది అబద్ధం చెప్పలేదంటుంది, మీరు అడగలేదు నేను చెప్పలేదు అంటుంది. యుద్ధంలో దెబ్బ తగిలితే నొప్పి తెలియకుండా ఉండేందుకు మంచిదే కదా అని కూడా అంటుంది. లోన్ యాప్‌లో చిన్న అక్షరాలు చదవకుండా ఓకే నొక్కినవాళ్ళకి ఆ మాటల తీరు బాగా తెలుసు. ఇక ఎనిమిదో ఎపిసోడ్ చివర్లో సయాకా నిరాశ నిండిపోయి తనే మంత్రగత్తెగా మారిపోతుంది, అప్పుడు క్యూబే ఒక మాట అంటుంది, జపనీస్‌లో మంత్రగత్తెని మజో అంటారు, చిన్నపిల్లని షోజో అంటారు, కాబట్టి రేపు మజో కాబోయే పిల్లల్ని మహో-షోజో అనడం సబబే కదా అని. మహో-షోజో అంటే మ్యాజికల్ గర్ల్. నలభై ఏళ్ళుగా పిల్లలు ముద్దుగా పలుకుతున్న పదం లోపలే ఆ గతి రాసి ఉందని అంత నిదానంగా చెప్పడం, అదీ అసలు దెబ్బ.

ఇక్కడ రంగులు ఎవరివి అని అడిగితే జవాబు స్పష్టంగా ఉంటుంది. ఆ పింక్ గౌను, ఆ మెరుపులు క్యూబే అమ్మే సరుకు. పద్నాలుగేళ్ళ పిల్లకి ఏం చూపిస్తే ఒప్పుకుంటుందో అదే చూపించారు. ఆ పిల్లల నిరాశ నుంచి వచ్చే శక్తితో విశ్వం చల్లారిపోకుండా కాపాడుతున్నాం, ఇదంతా లెక్క అని క్యూబే చెప్తుంది, దానికి కోపం లేదు, ద్వేషం లేదు, అదే ఇంకా భయం. మంత్రగత్తెల లోకాల్ని గెకిదాన్ ఇను కర్రీ అనే ఇద్దరి టీమ్ గుడ్డముక్కలు, కాగితం కటింగులు, బొత్తాలతో కొల్లాజ్‌లా చేసింది, మిగతా బొమ్మలతో అసలు కలవదు, కలవకూడదు కూడా, ఎందుకంటే అవి ఒకప్పటి ఆడపిల్లల పగిలిపోయిన మనసులు. కజియురా యుకి సంగీతం మాత్రం మొదటి నుంచీ నిజమే చెప్తుంటుంది, గుడిలో కోరస్‌లా, ఆ బుగ్గల బొమ్మలకి ఎక్కడా సరిపోకుండా. ఓపెనింగ్ పాట కనెక్ట్ మడోకా పాడుకుంటున్నట్టే ఉంటుంది, పదో ఎపిసోడ్‌లో ఆ పాటని ఎపిసోడ్ చివర వేస్తారు, అప్పటికి హొమురా అనే ముభావమైన పిల్ల ఒక్క స్నేహితురాలిని కాపాడటానికి అదే నెలని ఎన్నిసార్లు తిరిగి బతికిందో మనకి తెలిసిపోయి ఉంటుంది, పదాలు అవే అయినా పాట మనిషి మారిపోతుంది. అన్నిసార్లు స్కిప్ కొట్టిన పాట అప్పుడు కూర్చుని వినాల్సి వస్తుంది.

ఆ పదో ఎపిసోడ్ తర్వాత 2011 మార్చి 11న తోహోకు భూకంపం, సునామీ. చివరి రెండు ఎపిసోడ్లు ఆగిపోయి ఏప్రిల్ 21 అర్ధరాత్రి దాటాక ఒకేసారి వచ్చాయి. ఆ ఎపిసోడ్లలో ఊరంతా పునరావాస కేంద్రంలో తలదాచుకుని తుఫాను కోసం ఎదురుచూసే సీన్లున్నాయి, అవి ముందే రాసినవి, ఆ రోజుల్లో జపాన్‌లో చూసినవాళ్ళకి అవి ఎలా తగిలుంటాయో ఊహించుకోవచ్చు. ఆ ఏడాది జపాన్ మీడియా ఆర్ట్స్ ఫెస్టివల్‌లో యానిమేషన్ విభాగం గ్రాండ్ ప్రైజ్ మడోకాకే వచ్చింది.

ముద్దు బొమ్మ బాధపడితే మామూలు బొమ్మ కంటే ఎక్కువ ఎందుకు తగులుతుంది అనేదానికి కొంత శాస్త్రం కూడా ఉంది. పెద్ద తల, పెద్ద కళ్ళు, చిన్న ముక్కు, గుండ్రటి బుగ్గలు చూస్తే మనిషికి సాకాలనే కోరిక దానంతటదే పుడుతుందని జంతువుల ప్రవర్తన మీద పనిచేసిన కొన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త 1943లోనే రాశాడు, పసిపిల్లల్ని, కుక్కపిల్లల్ని చూస్తే జరిగేది అదే. ఈ అనిమేలు ఆ కోరికని ముందు లేపి తర్వాత మన చేతులు కట్టేస్తాయి. ఇంకొకటి గీతల లెక్క. వాస్తవికంగా గీసిన మొహంలో ముడతలు, నీడలు ఎన్నో ఉంటాయి, ఒకటి మారినా కనబడదు. నాలుగు గీతల మొహంలో కనురెప్ప కొంచెం వాలినా పెద్ద సంఘటనే. హిగురాషి అనే సిరీస్ దీన్ని బాగా వాడుకుంది, 2002లో డోజిన్ గేమ్‌గా, అంటే కంపెనీ లేకుండా సొంతంగా చేసుకున్న గేమ్‌గా మొదలై 2006లో అనిమే అయింది, 1983 జూన్ నాటి పల్లెటూరు, కీచురాళ్ళ రొద, పేకాటలు ఆడుకునే పిల్లలు, నవ్వుతున్న పిల్ల కంటిపాప ఒక్కసారి సన్నబడుతుంది, అంతే, వెన్నులో చలి.

మేడ్ ఇన్ అబిస్ లెక్క మళ్ళీ వేరు. త్సుకుషి అకిహితో మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, దాన్ని 2017లో కినెమా సిట్రస్ అనిమేగా తీసింది, పదమూడు ఎపిసోడ్లు. ఆర్త్ అనే ఊరు అబిస్ అనే ఒక పెద్ద గొయ్యి చుట్టూ అంచు మీద కట్టి ఉంటుంది, గొయ్యి వెడల్పే దాదాపు వెయ్యి మీటర్లు, లోతు ఎంతో ఎవరికీ తెలియదు. రికో అనే పన్నెండేళ్ళ పిల్ల, రెగ్ అనే రోబో పిల్లాడు, అమ్మని వెతుక్కుంటూ కిందికి బయల్దేరతారు. బొమ్మలు చూస్తే పసిపిల్లల పుస్తకంలోంచి కోసినట్టు ఉంటాయి, పొట్టి కాళ్ళు, ఉబ్బిన బుగ్గలు. వెనక దృశ్యాలు మాత్రం ఒక్కొక్కటీ ఆగి చూడాలనిపించేలా, తలకిందులుగా పెరిగిన అడవి, రాక్షసుల గిన్నెల్లాంటి ఆకుల్లో వేడినీళ్ళు, వాటి మీద కెవిన్ పెన్కిన్ సంగీతం. ఇక్కడ అందం అబద్ధం కాదు, అదే ఈ సిరీస్ ప్రత్యేకత. అబిస్ నిజంగానే అంత అందంగా ఉంటుంది. చంపేదీ అదే.

దానికో రూల్ ఉంది, దిగడానికి ఏమీ కాదు, ఎక్కేటప్పుడే శాపం తగులుతుంది. మొదటి పొర నుంచి ఎక్కితే కొంచెం తల తిరుగుడు, రెండో పొర వాంతులు, తలనొప్పి, మూడోది భ్రమలు, నాలుగోది ఒళ్ళంతా నొప్పి, రక్తం, ఆరో పొర నుంచి పైకొస్తే మనిషితనం పోతుంది లేదా ప్రాణం పోతుంది. అంటే వెనక్కి రావడానికే ధర. ఇంత చిన్న రూల్‌తో కథ మొత్తం బిగిసిపోతుంది, రికో వేసే ప్రతి అడుగూ ఇంటికి ఇంకొంచెం దూరమే. పదో ఎపిసోడ్‌లో విషపు ముల్లు రికో చేతిలోంచి దిగిపోతుంది, తప్పించడానికి రెగ్ ఆమెని పైకి తీసుకెళ్తాడు, శాపం తగిలి పిల్ల కళ్ళలోంచి, చెవుల్లోంచి రక్తం, ఆ చెయ్యి తీసెయ్యమని రికోనే చెప్తుంది, రెగ్ ఏడుస్తూ ఎముక విరగ్గొడతాడు. ఆ సీన్ భయంకరం అవ్వడానికి కారణం రక్తం కాదు, ఇంకో పిల్లాడికి ఏం చెయ్యాలో తెలియకపోవడం. అక్కడ పెద్దవాళ్ళు ఎవరూ లేరు. పదమూడో ఎపిసోడ్‌లో నానాచి అనే బొచ్చు ప్రాణి, ఒకప్పుడు మనిషి పిల్లే, తన స్నేహితురాలు మిట్టీ బాధని ఆపమని రెగ్‌ని బతిమాలుకోవడం చూసినవాళ్ళు దాని గురించి ఎక్కువ మాట్లాడరు, అంత బరువు. ప్రయోగాలతో ఆ ఇద్దరు పిల్లల్ని అలా చేసిన బోండ్రూడ్ అనేవాడి మాటలు ఎంత మెత్తగా ఉంటాయంటే, పిల్లల్ని పేరు పేరునా గుర్తుపెట్టుకుంటాడు, ఎవరికేం ఇష్టమో చెప్తాడు, ప్రేమగానే చెప్తాడు. 2020 సినిమాలో అతని కథ పూర్తిగా వస్తుంది, జపాన్‌లో దానికి పదిహేనేళ్ళ లోపు వాళ్ళకి ప్రవేశం లేదు.

ఈ కథలో రంగులు రికో కళ్ళవి, ఆ పిల్ల ఆత్రానివి. ఇంత జరిగినా రికో కోలుకోగానే మళ్ళీ కిందికే చూస్తుంది. చూసేవాళ్ళదీ అదే పరిస్థితి, ఆ పిల్లలు ఇంటికెళ్ళిపోతే బాగుండు అనుకుంటూనే తర్వాతి పొర ఎలా ఉంటుందో చూడాలని నెక్స్ట్ ఎపిసోడ్ నొక్కుతారు. ఆర్త్ ఊరు కూడా అంతే, సూర్యోదయం, గాలిమరలు, పండగలు, కానీ ఆ గొయ్యిలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న అనాథల్ని పోషించేది మళ్ళీ ఆ గొయ్యిలోకి పంపడానికే. ఈ సిరీస్ మీద ఒక ఫిర్యాదు మాత్రం గట్టిగానే చెప్పాలి, పిల్లల ఒళ్ళు గురించిన వెకిలి జోకులు, అవసరం లేని చూపులు అక్కడక్కడా ఉన్నాయి, వాటికి కథలో ఏ పనీ లేదు, అంత గొప్ప కథకి అది మచ్చే, అభిమానులు దాన్ని వెనకేసుకురావాల్సిన పని లేదు.

ఈ సందర్భంలోనే ఇంకో సంగతి. మన ఇళ్ళల్లో బొమ్మలంటే చిన్నపిల్లలవే అనే నమ్మకం ఇంకా గట్టిగా ఉంది, యాప్‌లో పోస్టర్ మీద ఇద్దరు ముద్దు పిల్లలు కనిపిస్తే ఆరేళ్ళ పిల్లాడి చేతికి ఫోన్ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళిపోవడం మామూలే. మేడ్ ఇన్ అబిస్ పోస్టర్ అలాగే ఉంటుంది. పోస్టర్ కాకుండా కింద రాసే ఏజ్ రేటింగ్ చూడాలి, ఒక్క నిమిషం పని.

మడోకా తర్వాత అదే ఫార్ములాతో చాలా వచ్చాయి, 2016లో మ్యాజికల్ గర్ల్ రైజింగ్ ప్రాజెక్ట్, 2018లో మ్యాజికల్ గర్ల్ సైట్, ఇంకా కొన్ని. సైట్ అయితే మొదటి ఎపిసోడ్ నుంచే హింస, ఇంట్లో హింస, బడిలో హింస, పట్టాల మీద హింస, ముద్దు డ్రెస్ మాత్రం ఊరికే ఉంది. చీకటి ఎక్కువైతే కథ లోతవుతుందని అనుకోవడంలోనే పొరపాటు ఉంది, ఎంత చీకటి చూపించినా వెలుతురు మీద ఎవరికీ ఆశ లేకపోతే పోయేదేముంది? మామి కేక్ కోసి టీ పోసిన సాయంత్రాన్ని మడోకా తాపీగా చూపించింది కాబట్టే తర్వాత ఆ ఖాళీ గది అంత బాధపెట్టింది. 2021లో వచ్చిన వండర్ ఎగ్ ప్రయారిటీ బాధ ఇంకోరకం. క్లోవర్‌వర్క్స్ స్టూడియో బొమ్మలు, ఆ రంగులు, ఆ పిల్లల కదలికలు చూస్తే కళ్ళు తిప్పుకోలేం, పోగొట్టుకున్న దగ్గరివాళ్ళ కోసం కలల్లో పోరాడే నలుగురు అమ్మాయిలు, మొదటి సగం అయితే ఈ జానర్‌లోనే అరుదైన నిజాయితీ. తర్వాత మేధావులు, ప్రయోగాలు, ప్రతీకారాలు అంటూ కథ వేరే దారి పట్టి, జూన్‌లో వచ్చిన స్పెషల్ ఎపిసోడ్‌కల్లా ఆ పిల్లల దుఃఖానికి జవాబు ఎక్కడో జారిపోయింది. బొమ్మలు ఎంత బాగున్నా కథ వాటికి సొంతదారుని చూపించలేకపోతే ఎంత నష్టమో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఈ మధ్య వచ్చినవాటిలో టకోపీస్ ఒరిజినల్ సిన్ మాత్రం ఆ సొంతదారు ప్రశ్నని నేరుగా పట్టుకుంది. టైజాన్ 5 మాంగా, 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా షోనెన్ జంప్ ప్లస్ అనే ఆన్‌లైన్ మాంగా పత్రికలో పదహారే చాప్టర్లు, 2025 వేసవిలో ఎనిషియా స్టూడియో ఆరు ఎపిసోడ్లుగా తీసింది. టకోపీ పింక్ రంగు ఆక్టోపస్ లాంటి గ్రహాంతర జీవి, అందరికీ హ్యాపీ పంచాలని భూమ్మీదకొస్తాడు, ఆకలితో ఉంటే షిజుకా అనే నాలుగో తరగతి పిల్ల బ్రెడ్ పెడుతుంది, ఈ పిల్లని నవ్వించాలి అని ఒట్టు పెట్టుకుని వింత వస్తువులు ఒక్కొక్కటీ తీస్తుంటాడు. టీవీలో డోరేమాన్ చూసి పెరిగిన ఎవరికైనా ఇది ఏ బొమ్మకి నీడో వెంటనే అర్థమవుతుంది. డోరేమాన్‌లో జియాన్ కొడతాడు, నోబితా ఏడుస్తాడు, గాడ్జెట్ వస్తుంది, సాయంత్రానికి అందరూ ఇళ్ళకెళ్ళి అన్నం తింటారు. టకోపీలో సమస్యంతా ఆ సాయంత్రం ఇంటికెళ్ళడం దగ్గరే ఉంది. షిజుకా ఇంట్లో నాన్న లేడు, అమ్మ రాత్రులు పనికి పోతుంది, తోడున్నది చాపీ అనే కుక్క ఒక్కటే. ఆమెని రోజూ హింసించే మరీనా నాన్న షిజుకా అమ్మ పనిచేసే చోటికి వెళ్తుంటాడు, దాంతో మరీనా ఇంట్లో అమ్మ మరీనాని కొడుతుంది. సాయం చేసే అబ్బాయి అజుమాకి అమ్మ మెచ్చుకోలు కావాలి, అది అన్నయ్యకే దొరుకుతుంది.

టకోపీకి ఇదేదీ అర్థం కాదు. దెబ్బల గుర్తులు చూస్తాడు, అవేంటో తెలియదు. గొడవ అంటే రాజీ రిబ్బన్ ఇస్తే సరిపోతుంది అనుకుంటాడు, ఇస్తాడు, మొదటి ఎపిసోడ్‌లోనే షిజుకా తన ప్రాణం తీసుకుంటుంది. హ్యాపీ కెమెరాతో కాలం వెనక్కి తిప్పి మళ్ళీ ప్రయత్నిస్తాడు, ఎన్నిసార్లు తిప్పినా ఏదో ఒక దారిలో అదే చేదు. చివరికి మరీనా కొడుతుంటే ఆపబోయి అదే కెమెరాతో కొడతాడు, మరీనా చనిపోతుంది, కెమెరా పాడైపోతుంది. అప్పుడు షిజుకా నవ్వుతుంది, నిజంగా, మనస్ఫూర్తిగా. ఆ నవ్వు కోసమే కదా వచ్చింది. ఆ ఫ్రేమ్‌లో గుండ్రటి పింక్ బొమ్మ పక్కనే పిల్ల మొహాన్ని గరుకు గీతలతో, నీడలతో గీశారు, రెండు వేర్వేరు పుస్తకాల బొమ్మలు ఒకే పేజీలో పడినట్టు ఉంటుంది. ఆ పింక్ రంగు టకోపీ ఒక్కడిదే, వాడి కళ్ళకే లోకం అంత తేలిక, ఆ అమాయకత్వమే ఇక్కడ తప్పు చేసింది, చెడ్డవాడు ఎవడో దొరికితే కోపం తీర్చుకోవచ్చు కానీ ఇక్కడ దొరికేది మంచి చెయ్యాలనుకున్నవాడే.

చివర్లో టకోపీ తనని తాను ఖర్చు పెట్టుకుని కాలాన్ని ఇంకొక్కసారి వెనక్కి తిప్పుతాడు, ఈసారి తను ఉండడు. షిజుకా నాన్న తిరిగి రాలేదు, మరీనా ఇంట్లో గొడవలు ఆగలేదు, ఏ గాడ్జెట్టూ లేదు. ఆ ఇద్దరు పిల్లలూ కొట్టుకోబోతున్న సమయంలో షిజుకా నోట్‌బుక్‌లో ఒక పిచ్చి బొమ్మ కనిపిస్తుంది, గుండ్రంగా, ఆక్టోపస్‌లా, ఎవరు గీశారో ఎందుకు గీశారో ఇద్దరికీ గుర్తులేదు. దాని గురించి ఏదో అనబోయి ఇద్దరికీ ఏడుపొచ్చేస్తుంది, ఎందుకో తెలియకుండానే నిలబడి ఏడుస్తారు, తర్వాత మాట్లాడుకోవడం మొదలుపెడతారు.